ఎంపీసీ, బైపీసీల అవతల: ఒక రిపేరు మనిషి చెప్పే పన్నెండు మాటలు

నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఉద్యోగమంతా ల్యాబుల్లో పరికరాలు బాగుచేయడంతోనే గడిచింది. మైక్రోస్కోపులు, సెంట్రిఫ్యూజులు, స్పెక్ట్రోమీటర్లు, క్రొమటోగ్రాఫులు, వీటిలో ఏది మొరాయించినా టూల్ బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరేవాణ్ణి. తార్నాక, హబ్సిగూడ రోడ్డు మీది పెద్ద పరిశోధనాలయాల దగ్గర్నుంచి రొయ్యల చెరువుల పక్కన ఉండే రెండు గదుల ల్యాబు దాకా తిరిగాను. పరికరం విప్పిపెట్టి, స్పేర్ పార్టు వచ్చేదాకా ఊరికే కూర్చోవాల్సిన గంటలు నా ఉద్యోగంలో చాలా ఉండేవి. ఆ గంటల్లో చుట్టూ ఉన్నవాళ్ల పని చూడడం, టీ తాగుతూ వాళ్లని కదిలించడం నాకు అలవాటైంది. సైన్సులో ఎన్ని రకాల బతుకుతెరువులున్నాయో నాకు తెలిసింది అలాగే.

ఇప్పుడు చుట్టాల పిల్లలు, అపార్ట్‌మెంటు పిల్లలు ఇంటర్ అవగానే వస్తుంటారు. "తాతగారూ, సైన్సంటే ఇష్టమే. కానీ ఇంజినీరింగో మెడిసినో కాకపోతే ఇంకేముంటుంది? లెక్చరరేనా?" అని అడుగుతారు. పాఠం చెప్పడం గొప్ప పనే. కానీ జాబితా అక్కడితో అయిపోదు. వాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చిన మాటల్ని ఒకచోట రాస్తున్నాను.

1. హోదా పేరు అడక్కు, రోజు ఎలా గడుస్తుందో అడుగు

"జెనెటిక్స్ సైంటిస్టు" అంటే ఇంట్లో అందరూ తలూపుతారు. ఆ మనిషి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. పటాన్‌చెరులో 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌నే తీసుకోండి. అక్కడి జీన్ బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, ఇతర చిరుధాన్యాల విత్తన నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. తరచూ వాడేవాటిని 4 డిగ్రీల చలిగదిలో, దీర్ఘకాలం దాచాల్సినవాటిని మైనస్ 20 డిగ్రీల్లో ఉంచుతారు. అక్కడ పనిచేసేవాళ్ల రోజంతా తడి కాగితం మీద విత్తనాలు పరిచి ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టడం, మొలక శాతం తగ్గిన రకాన్ని మళ్లీ పొలంలో వేసి కొత్త గింజ తీయడం, ఆరబెట్టడం, చీటీ రాసి మూటకట్టడం. కందిపూల మీద తేనెటీగలు వాలితే రకాలు కలిసిపోతాయి కాబట్టి ఆ మొక్కల చుట్టూ వలలు కట్టడం కూడా వాళ్ల పనే.

వినడానికి విసుగ్గా ఉందా? కొన్ని ఆఫ్రికా దేశాలు తమ పొలాల్లో కనుమరుగైన జొన్న రకాలను ఈ గదుల్లోంచే తిరిగి తీసుకెళ్లాయి. లెక్కపెట్టడం, రాసిపెట్టడం ఇష్టమైన పిల్లకి ఇది స్వర్గం. కుదురుగా కూర్చోలేని పిల్లాడికి ఇదే పని శిక్ష. ఉద్యోగం గొప్పదా కాదా అన్న విచారణ ఆ తర్వాతి సంగతి. ముందు ఆ రోజు నీకు సరిపడుతుందా అన్నది తేల్చుకో.

2. కోరుకున్నది దొరక్కపోతే దాని పక్కనున్నది చూడు

అన్నా మణి 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టింది. బెంగళూరులో సి.వి. రామన్ ల్యాబులో వజ్రాల మీద, కెంపుల మీద పనిచేసింది. ఫిజిక్స్‌లో పై చదువుకి ఇంగ్లండు వెళ్లాలనుకుంది. 1945లో దొరికిన స్కాలర్‌షిప్పు మాత్రం వాతావరణ పరికరాల మీద. ఆమె దానికే వెళ్లింది. 1948లో తిరిగొచ్చి పుణెలో వాతావరణ శాఖలో చేరి, అప్పటిదాకా విదేశాలనుంచి తెప్పించుకునే పరికరాలను ఇక్కడే తయారుచేయించే పని పెట్టుకుంది. వంద దాకా పరికరాలకు నమూనా డ్రాయింగులు సిద్ధం చేయించింది. పై గాలిలో ఓజోన్ కొలిచే పరికరం తయారీలోనూ ఆమె చేయి ఉంది. ఏ ఊళ్లో ఎంత ఎండ కాస్తుందో, ఎంత గాలి వీస్తుందో ఏళ్ల తరబడి కొలిపించి ఆమె వెలువరించిన వివరాలు తర్వాత సౌర విద్యుత్తుకీ గాలిమరలకీ ఆధారమయ్యాయి.

వర్షమాపకాలు, గాలివేగం కొలిచే గిన్నెలు అంటే అప్పటి ఫిజిక్స్ వాళ్లకి చిన్నచూపే. ఆమె మాత్రం అక్కడే ఒక రంగాన్ని నిలబెట్టింది. ర్యాంకు రాలేదని, అనుకున్న సీటు పోయిందని కుంగిపోయే పిల్లలకి నేను ముందుగా చెప్పేది ఈమె సంగతే.

3. మీ ఊరి చుట్టుపక్కల ఏముందో ముందు తెలుసుకో

హైదరాబాదులో సముద్రం లేదు. సముద్రం మీద పనిచేసే ఇన్‌కాయిస్ మాత్రం ఇక్కడే ఉంది, 1999నుంచి. సముద్రపు ఉపరితలం వేడి, నీటిలోని పచ్చదనం ఉపగ్రహాలద్వారా చూసి, ఏ దిక్కున ఎంత దూరంలో చేపలు దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెబుతారు. 2004 డిసెంబరు సునామీ తర్వాత, 2007లో సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే మొదలైంది. రాత్రీ పగలూ షిఫ్టుల్లో మనుషులు తెరల ముందు కూర్చునే ఉంటారు.

అదే ఊళ్లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం 1969నుంచి నడుస్తోంది. అక్కడ వెంట్రుక మందం కూడా లేని పాలిథీన్ రేకుల్ని పొడవాటి బల్లల మీద ఒకదానికొకటి అతికి, పెళ్లిచీర మడిచినంత జాగ్రత్తగా మడిచి పెడతారు. హైడ్రోజన్ నింపి, సాధారణంగా రాత్రివేళ వదులుతారు. బెలూను ముప్పై నలభై కిలోమీటర్ల ఎత్తుకి వెళ్తుంది. భూఅయస్కాంత రేఖల లెక్కలో హైదరాబాదు వాటి మధ్యరేఖకి దగ్గర కాబట్టి, తక్కువ శక్తిగల కాస్మిక్ కిరణాల గోల ఇక్కడ తక్కువ. నక్షత్రాల ఎక్స్-కిరణాలు చూసేవాళ్లకి అది వరం. 2005లో ఇక్కడినుంచి వెళ్లిన బెలూను పై గాలిని సీసాల్లో పట్టి తెస్తే, అందులో మూడు కొత్త బాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు.

పని పూర్తయ్యాక పరికరాల పెట్టె పారాచూట్‌తో ఎక్కడో ఊరి చివర చేలో దిగుతుంది. "ముట్టుకోవద్దు, కబురు చేయండి" అని పత్రికల్లో ప్రకటన వస్తుంది. ఆ పెట్టెని వెతుక్కుంటూ జీపులో వెళ్లి, రైతుతో మాట్లాడి, భద్రంగా తీసుకురావడం కూడా సైన్సు ఉద్యోగమే. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాలు పరిచిన రాడార్ ఉంది, పై గాలుల కదలికను చూస్తుంది. గూగుల్‌లో విదేశీ యూనివర్సిటీలు వెతికే పిల్లలు బస్సులో వెళ్లగలిగిన దూరంలో ఉన్నవాటి పేర్లు కూడా తెలియకుండా ఉండడం నాకు వింతగా ఉంటుంది.

4. ముక్కూ నాలుకా కూడా పనిముట్లే

గుంటూరు మిర్చికి ధర పలకాలంటే రంగు, ఘాటు రెండూ కొలవాలి. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ, మంట తెలియడం ఆగేదాకా మనుషుల చేత రుచి చూపించాడు. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వచ్చిందో అదే ఘాటు అంకె. ఇవాళ ఆ పని హెచ్‌పీఎల్‌సీ యంత్రం చేస్తుంది, క్యాప్సైసిన్ ఎంతుందో తూచి చెబుతుంది. ఎగుమతికి వెళ్లే సరుకులో బూజువిషం అఫ్లటాక్సిన్ ఉందా, పురుగుమందుల అవశేషాలున్నాయా అన్నదీ చూడాలి. మిరపకాయ తెలిసిన కెమిస్టు అక్కడ దొర.

యంత్రం వచ్చినా ముక్కుకి పని పోలేదు. సువాసనల ల్యాబుల్లో గ్యాస్ క్రొమటోగ్రాఫుకి చివర ఒక గొట్టం బయటికి పెడతారు. వాసనలోని అణువులు ఒక్కొక్కటే విడిపోయి వస్తుంటే, ఒక మనిషి అక్కడ ముక్కు పెట్టి "ఇది వేయించిన పల్లీ, ఇది పచ్చిగడ్డి" అని చెబుతూ రాసుకుంటాడు. యంత్రం గీతకి అందనంత తక్కువ మోతాదుని కూడా ముక్కు పట్టేస్తుంది. మైసూరులో 1950నుంచి ఉన్న సీఎఫ్‌టీఆర్ఐ ఆహార పరిశోధనకి పుట్టినిల్లు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరులవాళ్లు కాల్చిన మట్టిలోంచి తొలకరి వాసనని గంధపు నూనెలోకి దించుతారు. ఆ వాసన గుట్టేమిటో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పత్రిక్కెక్కించింది 1964లో. దానికి ఎంతో ముందే కన్నౌజ్ బట్టీల్లో అది సీసాకెక్కింది.

పదార్థం నోట్లో వేసుకోగానే "ఇందులో ఇంగువ ఎక్కువైంది" అని పట్టేసే పిల్లలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కెమిస్ట్రీ కూడా ఇష్టమైతే వాళ్ల దారి ఇటు.

5. చెరువు గట్టు మీద కూడా మైక్రోస్కోపు ఉంటుంది

భీమవరం, ఆకివీడు వైపు ఆక్వా ల్యాబులకి వెళ్లేటప్పుడు తెల్లవారేసరికి చేరాలని చూసేవాణ్ణి. ఆ వేళకే రైతులు సీసాల్లో చెరువు నీళ్లు, కవర్లలో రొయ్యలు పట్టుకుని వరసలో ఉంటారు. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది, ఏ తేడా వచ్చినా అప్పుడే బయటపడుతుంది. లోపల మైక్రోబయాలజీ చదివిన అమ్మాయో అబ్బాయో ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా చూస్తారు. పచ్చటి మీడియం పోసిన ప్లేట్ల మీద విబ్రియో బాక్టీరియా కాలనీలు లెక్కపెడతారు. "పచ్చవి ఎన్ని, పసుపువి ఎన్ని?" అని రైతే అడుగుతాడు. తెల్లమచ్చ వైరస్సుకీ పరాన్నజీవి ఈహెచ్‌పీకీ పీసీఆర్ పరీక్ష. ఈహెచ్‌పీ రొయ్యని చంపదు, ఎదగనివ్వదు, మేత ఖర్చు మాత్రం అవుతూనే ఉంటుంది. 2009లో వనామీ రొయ్య మన దేశానికి వచ్చాక ఈ పరీక్షల అవసరం బాగా పెరిగింది.

ఇక్కడ ఫలితం చెప్పడమే సగం పని. లక్షలు చెరువులో పోసిన మనిషికి "ఈ వారమే పట్టేయండి" అని ఎలా చెప్పాలో ఏ సిలబస్సులోనూ ఉండదు. అలాంటి ఒక ల్యాబులో పాతికేళ్లు దాటని అమ్మాయి తన తండ్రి వయసు రైతులకి ధైర్యం చెబుతూ, మందుల షాపువాడు అంటగట్టిన పొడి అక్కర్లేదని తేల్చి చెప్పడం చూశాను. ఆ వీధిలో ఆమె మాటకున్న విలువ నాకు తెలిసిన చాలామంది ప్రొఫెసర్లకి లేదు.

6. అడవిలో డిగ్రీ కన్నా ఊరి మనిషి ముందుంటాడు

కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది మళ్లీ ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ బృందానికి కడప జిల్లాలో లంకమల పొదల్లో అది దొరికింది. ముందు దాన్ని చేతికి చిక్కించుకున్నది అక్కడి ఊరి వేటగాడొకడు. రాత్రిపూట తిరిగే పక్షి, అడవి అంచున పొదలూ ఖాళీ నేలా కలిసినచోట ఉంటుంది, ఆ లోకం తెలిసినవాడు అతనే. తర్వాత వచ్చిన పరిశోధకులు సన్నని ఇసుక పట్టీలు పరిచి తెల్లారి అడుగుల ముద్రలు చూడడం, కెమెరాలు కట్టడం, కూత రికార్డు చేసి వినిపించడం లాంటి ఉపాయాలు పన్నారు. దాని నివాసాన్ని కాపాడడానికే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

రాళ్లలోనూ అంతే. ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకల్ని కూర్చి, జియలాజికల్ సర్వేకి చెందిన పి. యాదగిరి 1988లో ఆ డైనోసార్‌కి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. ఒక తెలుగు ఊరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఎముక ఏదో రాయి ఏదో పోల్చుకోవడానికి ఎండలో నడిచే ఓపిక కావాలి. ఏసీ గది కోరుకునేవాళ్లు ఇటు రావద్దు. పశువుల కాపరితో కూర్చుని మాట్లాడడం నామోషీ అనుకునేవాళ్లు అసలే రావద్దు.

7. ఆడపిల్లకి కుదరదనే మాట పాతబడింది

1983లో బయల్దేరిన మూడో అంటార్కిటికా యాత్రలో ఇద్దరు స్త్రీలున్నారు. అదితి పంత్ సముద్రశాస్త్రజ్ఞురాలు, సుదీప్తా సేన్‌గుప్తా భూగర్భశాస్త్రజ్ఞురాలు. మన దేశం పంపిన యాత్రల్లో ఆ మంచు ఖండంలో అడుగుపెట్టిన మొదటి ఆడవాళ్లు వీళ్లే. సుదీప్త అంతకుముందే కొండలెక్కడం నేర్చుకుంది, ఆమె గురువుల్లో టెన్జింగ్ నార్గే ఒకడు.

నలభై ఏళ్ల కిందటే అది జరిగితే, ఇవాళ "ఫీల్డు పని నీకెందుకమ్మా" అనే పెద్దల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. భద్రత గురించి అడగండి, తప్పులేదు. బస ఎక్కడ, వెంట ఎవరుంటారు, ఫోను పనిచేస్తుందా, ఫిర్యాదు చేయాల్సొస్తే ఎవరికి చేయాలి? ఇవన్నీ చేరకముందే అడిగి తెలుసుకోండి. జవాబు సూటిగా చెప్పలేని చోట చేరొద్దు. అంతేగాని ఆ రంగమే వద్దనకండి.

8. పాతదాన్ని కాపాడడానికీ కెమిస్ట్రీ కావాలి

అజంతా గుహలు నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు, అక్కడి వర్ణచిత్రాల్ని బాగుచేయడానికి 1920లో ఇటలీనుంచి నిపుణుల్ని పిలిపించారు. ఊడిపోతున్న రంగుల్ని నిలబెట్టడానికి వాళ్లు లక్కపూత వాడారు. అప్పటికి అది మంచి పద్ధతే. కాలం గడిచేకొద్దీ ఆ పూత పసుపెక్కి చిత్రాల మీద ముసుగు కమ్మింది. తర్వాతి తరాల ఆర్కియాలజీ కెమిస్టులు దాన్ని అంగుళం అంగుళం తొలగిస్తూ వచ్చారు.

అందుకే ఈ రంగంలో ఇప్పుడు ఒక కట్టుబాటు ఉంది: నువ్వు వేసిన మందు రేపు ఇంకొకడు తీసెయ్యగలిగేలా ఉండాలి. ఆర్కియలాజికల్ సర్వేకి సైన్సు విభాగం డెహ్రాడూన్‌లో ఉంది. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకి జాతీయ పరిశోధనాలయం ఉంది. పెద్ద మ్యూజియాలకి సొంత సంరక్షణ విభాగాలుంటాయి. తాళపత్రాలు, నేత బట్టలు, ఇత్తడి విగ్రహాలు, తైలవర్ణ చిత్రాలు, ఒక్కోదానికి ఒక్కో వైద్యం. బొమ్మలు గీయడం, కెమిస్ట్రీ రెండూ ఇష్టమై, ఏదో ఒకటి వదులుకోవాలేమో అని బాధపడే పిల్లలకి నేను ఈ రంగమే చెబుతాను.

9. తెర వెనక పనులు తీసికట్టు కావు

పాతకాలపు కెమిస్ట్రీ ల్యాబుల్లో గాజు ఊదే సెక్షన్ ఒకటి తప్పకుండా ఉండేది. ఎనిమిది వందల డిగ్రీల వేడి దాటాక మెత్తబడే బోరోసిలికేట్ గొట్టాన్ని తిప్పుతూ, ఊదుతూ, శాస్త్రవేత్త కాగితం మీద గీసిన వంకరటింకర పరికరాన్ని చేసి ఇచ్చేవాళ్లు. ఆ చేతులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి, అవసరం మాత్రం తగ్గలేదు. పరికరాల బాగు కూడా అంతే. మన దేశంలో పరికరాలు కొనడానికి డబ్బు దొరుకుతుంది, వాటిని నడిపించే మనిషి దొరకడు. చండీగఢ్‌లో శాస్త్రీయ పరికరాల సంస్థ సీఎస్ఐఓ వాళ్ల ఇండో-స్విస్ శిక్షణ కేంద్రం 1963నుంచి అలాంటి చేతుల్ని తయారుచేస్తోంది.

ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టు అని ఒకరుంటారు. క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఇచ్చే యంత్రం ఇవాళ సరైన మోతాదు ఇస్తోందా లేదా అని రోగులు రాకముందే కొలిచి చూసేది ఈయనే. కణితికి ఎంత తగలాలి, పక్కనున్న వెన్నుపాముకి ఎంతకు మించి తగలకూడదు అని డాక్టరుతో కూర్చుని ప్లాను వేసేదీ ఈయనే. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఈ మనిషి లేకుండా రేడియోథెరపీ విభాగం నడవకూడదు. ఫిజిక్స్ ఎమ్మెస్సీ తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం బార్క్‌లో ఏడాది డిప్లొమా చేసి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు కూడా పూర్తిచేస్తే ఈ అర్హత వస్తుంది. రోగికి ఆయన పేరు తెలియదు. బిల్లులోనూ ఉండదు. తెలుగింట్లో "మా వాడు ఆసుపత్రిలో పనిచేస్తాడు" అంటే డాక్టరనే అనుకుంటారు, అనుకోనివ్వండి.

10. చదివినదాన్ని తెలుగులో చెప్పగలిగితే అదొక విద్య

కొడవటిగంటి రోహిణీప్రసాద్ బార్క్‌లో శాస్త్రవేత్తగా పనిచేశాడు. అణుభౌతికం ఆయన వృత్తి. సంగీతం గురించీ జీవపరిణామం గురించీ విశ్వం గురించీ ఆయన తెలుగులో రాసినవి చదివి సైన్సు వైపు మళ్లినవాళ్లు నాకు తెలుసు. మహీధర నళినీమోహన్ పిల్లలకి సైన్సుని కబుర్లలా చెప్పాడు. పత్రికా సంపాదకుడైన నండూరి రామమోహనరావు 'నరావతారం', 'విశ్వరూపం' రాసి రెండు తరాల పాఠకులకి జీవపరిణామాన్నీ ఖగోళాన్నీ దగ్గర చేశాడు.

ఇవాళ ఈ పనికి చోటు పెరిగింది. వ్యవసాయ సమాచారం, వైద్య సలహాలు, సైన్సు మ్యూజియాలు, పాఠ్యపుస్తకాలు, వీడియోలు, అన్నింటికీ విషయం తెలిసి తెలుగు రాయగలిగిన మనిషి కావాలి. కాగితం పని ఇష్టమైతే ఇంకో దారి పేటెంట్లది. సైన్సు డిగ్రీ ఉన్నవాళ్లు పేటెంట్ ఏజెంటు పరీక్ష రాయవచ్చు. ఎవరో కనిపెట్టినదాన్ని అర్థం చేసుకుని, అందులో కొత్తదనం ఎక్కడుందో చట్టం భాషలో పెట్టడం ఆ పని. ల్యాబులో చేయి తిరగకపోయినా బుర్ర పదునుగా ఉన్న ఎందరికో అది అన్నం పెడుతోంది.

11. డబ్బు లెక్క ముందే వేసుకో

ఇష్టం ఒక్కటే చాలని చెప్పే పెద్దల్ని నమ్మొద్దు. ల్యాబుల్లో చాలా పోస్టులు ప్రాజెక్టువి. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగుస్తుంది. పరిశోధనలో చేరితే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023నుంచి నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. అది కొన్ని సంస్థల్లో నెలనెలా పడదు, ఆగి ఆగి వస్తుంది. బీటెక్ చేసిన తోటివాడు కారు కొనే వయసుకి నువ్వు ఇంకా థీసిస్ రాస్తూ ఉండవచ్చు. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. తండ్రి అప్పులు, చెల్లెలి పెళ్లి ఉన్న ఇంట్లో ఈ లెక్క మరీ ముఖ్యం.

స్థిరమైన దారులూ ఉన్నాయి. యూపీఎస్సీ వారి కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వేలోనూ భూగర్భజల బోర్డులోనూ జియాలజిస్టులు, జియోఫిజిసిస్టులు, కెమిస్టులు చేరతారు. వాతావరణ శాఖ, ఫోరెన్సిక్ ల్యాబులు, ఆహార పరీక్షల ల్యాబులు నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఇది: మనసుపడిన పని ఒకటి, దానికి దగ్గరలోనే జీతం నమ్మకంగా వచ్చే పని ఒకటి, రెండింటికీ పనికొచ్చే నైపుణ్యం ఒకటి పెట్టుకో. గణాంకశాస్త్రమో కొంచెం ప్రోగ్రామింగో ఏదో ఒక పరికరం మీద గట్టి పట్టో ఉన్నవాడు ఖాళీగా కూర్చోవడం నేను ఎక్కువగా చూడలేదు.

12. వెళ్లి చూడు, ఆ తర్వాతే తేల్చుకో

సీఎస్ఐఆర్ ప్రయోగశాలల్లో చాలావాటిలో సెప్టెంబరు 26 వ్యవస్థాపక దినం సందర్భంగా బయటివాళ్లని లోపలికి రానిస్తారు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవానికీ అలాంటి అవకాశాలుంటాయి. డిగ్రీలోనో ఎమ్మెస్సీలోనో ఉంటే, మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పుకి దరఖాస్తు పెట్టు. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు, భత్యం కూడా ఇస్తారు. అధ్యాపకులు కూడా దీనికి అర్హులే.

ఎవరికైనా ఉత్తరం రాస్తే చిన్నదిగా రాయి. వాళ్ల పనిలో నువ్వు చదివింది ఏమిటి, నీకు అర్థంకానిది ఏమిటి, ఎన్ని రోజులు రాగలవు, ఈ మూడు మాటలు చాలు. "రెస్పెక్టెడ్ సర్" అని వందమందికి ఒకే ఉత్తరం పంపితే ఎవరూ చదవరు. వెళ్లాక శాస్త్రవేత్తతో పాటు అక్కడి టెక్నీషియన్‌తో, స్టోర్స్ వాళ్లతో, ఆఖరి ఏడాది పీహెచ్‌డీ పిల్లలతో కూడా మాట్లాడు. ఆ సంస్థ నిజంగా ఎలా నడుస్తుందో చెప్పేది వాళ్లే.

తల్లిదండ్రులకి ఒక్క మనవి. కోచింగ్ ఫీజు కట్టే ముందు, పిల్లనో పిల్లాణ్ణో తీసుకుని దగ్గర్లో ఉన్న ఒక పరిశోధన కేంద్రానికో ఆక్వా ల్యాబుకో మ్యూజియానికో ఒక్కరోజు వెళ్లండి. అక్కడ పనిచేసేవాళ్లని వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడగనివ్వండి. ఆ తర్వాత కూడా మీ పిల్లలు ఇంజినీరింగే కోరుకుంటే సంతోషంగా చేర్పించండి, అప్పుడది వాళ్లు తెలిసి ఎంచుకున్నది అవుతుంది.